కన్నడం నేర్చుకునే తెలుగువాళ్లు ఫోను ఎలా వాడుకోవాలంటే

మాది హిందూపురం. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం వింటూ పెరిగాం. ఇప్పుడు బెంగళూరు కాడుగోడిలో ఉంటూ, మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున తెలుగువాళ్లకు కన్నడం చెప్తుంటాను. వచ్చేవాళ్లలో సాఫ్ట్‌వేర్ పిల్లలు సగం, మనవళ్లను చూసుకోవడానికి తెనాలి నుంచో ఒంగోలు నుంచో వచ్చిన పెద్దవాళ్లు సగం. అందరూ మొదట అడిగేది ఒకటే: "ఏ యాప్ వేసుకోవాలి మేడం?"

ముందు ఏదీ వద్దంటాను. కన్నడం నేర్పే యాప్‌లు చాలావరకు ఇంగ్లిష్ మీదుగా నడుస్తాయి. "నాకు జలుబు చేసింది" అనే మనిషికి "ననగె నెగడి ఆగిదె" పక్కిల్లే కదా, మధ్యలో ఇంగ్లిష్ దూర్చితే ఊరు చుట్టి రావాలి. అందుకని పాఠం మనమే తయారు చేసుకుందాం. వాట్సాప్, కీబోర్డు, ముందు ప్రశ్న, వెనక జవాబు చూపే ఒక కార్డుల యాప్ ఉంటే చాలు.

మొదటి పని గొంతులు సేకరించడం. మీరు రోజూ మాట్లాడక తప్పని మనిషిని ఒకరిని ఎంచుకోండి: కూరగాయలామె, సెక్యూరిటీ అన్న, పనికొచ్చే అక్క. రికార్డు చేసుకుంటామని, గ్రూపులో పెడతామని ముందే అడగండి. ఒప్పుకుంటే మీకు కావాల్సిన మాటలు వాళ్లతోనే చెప్పించుకోండి: "కేజీ ఎష్టు?" (కేజీ ఎంత?), "స్వల్ప కడిమె మాడ్కొళ్ళి" (కాస్త తగ్గించండి), "చిల్రె ఇల్ల" (చిల్లర లేదు), "నాళె బర్తీని" (రేపు వస్తాను). పుస్తకంలో "హోగబేకు" (వెళ్లాలి) అని ఉంటుంది, బస్సులో వినిపించేది "హోగ్బేకు". చెవికి ఈ రెండోదే అలవాటు కావాలి. ఒక వాయిస్ నోట్‌లో ఒకే వాక్యం ఉండాలి. పొడుగు నోట్‌లో కావాల్సిన ముక్క వెతుక్కునేసరికి ఓపిక చచ్చిపోతుంది. వాట్సాప్‌లో వేగం పెంచుకోవచ్చు గానీ తగ్గించడం కుదరదు, కాబట్టి అదే వాక్యం ఒకసారి నిదానంగా, ఒకసారి మామూలుగా చెప్పమనండి.

తర్వాత మీరు దాన్ని అనుకరించి, మీ నంబరుకే మీరు వాయిస్ నోట్ పంపుకోండి. వాళ్లది, మీది వెంటవెంటనే వినండి. గ్రూపులో సిగ్గుపడే పెద్దవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. నా క్లాసు గ్రూపులో జవాబు టైపు చేయకూడదని నియమం పెట్టాను. నోరు తిరగకుండా వేళ్లు ఎన్ని తిరిగితే ఏం లాభం?

ఇక కీబోర్డు. గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డ్ సెట్టింగ్స్‌లో భాషల దగ్గర కన్నడం చేర్చి, మైకు నొక్కి మాట్లాడండి. మనవాళ్లకు ఎక్కువగా తడబాటు వచ్చేది "ణ్ణ" దగ్గర. "ఎణ్ణె" (నూనె), "బెణ్ణె" (వెన్న), "హణ్ణు" (పండు) అని చూడండి, ఏం రాస్తుందో. కాకపోతే అది ఊహించి రాసే యంత్రం. తప్పు పలికినా చుట్టూ ఉన్న మాటలను బట్టి సరిదిద్ది రాసేస్తుంది. సరిగ్గా రాసిందని మురిసిపోవద్దు, తప్పు రాస్తే మాత్రం ఇంకోసారి పలకండి. అసలు తీర్పు కూరగాయలామెదే.

చదవడం మనకు దాదాపు ఉచితం, వాళ్ల అక్షరాలు చాలావరకు మనవాటిలాగే ఉంటాయి. కంప్యూటర్లు ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చి గుర్తుపట్టే యూనికోడ్ పట్టికలో తెలుగు, కన్నడ అక్షరాలు పక్కపక్క గళ్లలో, ఒకే వరసలో ఉన్నాయి. మన "క"కూ వాళ్ల "క"కూ తేడా 128 స్థానాలు, మిగతా అక్షరాలకూ అంతే. అందుకే అక్షరముఖ లాంటి లిపి మార్పిడి సాధనాలు కన్నడ పాఠ్యాన్ని తెలుగు లిపిలోకి చక్కగా తిప్పేస్తాయి. మొదట్లో వాడండి, ఆ తర్వాత మానేయండి, లేకపోతే అది ఊతకర్ర అయి కూర్చుంటుంది. కర్ణాటకలో 2024లో వచ్చిన చట్ట సవరణతో దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడం ఉండాలి. అంతకన్నా పెద్ద వాచకం ఎక్కడ దొరుకుతుంది? ముందు బోర్డు మీరు చదివి, ఆ తర్వాతే కెమెరాతో రాత చదివే గూగుల్ లెన్స్ పెట్టి సరిచూసుకోండి. మెట్రో పర్పుల్ లైన్‌లో పట్టందూరు అగ్రహార, నల్లూరుహళ్లి, కుందలహళ్లి పేర్లు చదువుకుంటూ పోవచ్చు.

కార్డులకు అంకి (Anki) అనే యాప్ వాడతాను. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం, ఐఫోన్‌లో డబ్బులు కట్టాలి. నేర్చింది ఎంత త్వరగా మరిచిపోతామో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపాడు. ఈ యాప్ చేసేదల్లా, మరుపు రాబోయే వేళకు కార్డును మళ్లీ ముందుకు తేవడం. కార్డు ముందువైపు ఒంటరి మాట రాయకండి, సందర్భం రాయండి: "ఆటో మన గేటు దాటి పోతోంది, ఏమంటారు?" వెనకవైపు సేకరించిన గొంతు పెట్టండి: "ఇల్లే నిల్సి!" (ఇక్కడే ఆపండి!) రోజుకు కొత్త కార్డులు 20 అని మొదట్లో ఉంటుంది, దాన్ని 5కు దించండి. ఉద్యోగాలు చేసేవాళ్లు ఇరవైతో మొదలుపెడితే పాత కార్డులు గుట్ట పడి, యాప్ తెరవడమే మానేస్తారు.

గూగుల్ ట్రాన్స్‌లేట్ ఆఖరున. అందులో కన్నడం 2011 నుంచీ ఉంది, అర్థం తెలుసుకోవడానికి బాగుంటుంది. దాన్ని చూసి పెద్దవాళ్లతో మాట్లాడేముందు మాత్రం క్రియ చివర చూసుకోండి. "బా" (రా), "కొడు" (ఇవ్వు) అని ఇచ్చిందంటే మర్యాద తప్పినట్టే, "బన్ని" (రండి), "కొడి" (ఇవ్వండి) అని మార్చుకోండి.

ఇవన్నీ కాస్త పట్టుబడ్డాక ఫోనును ఫోనులాగే వాడండి. వాటర్ క్యాన్ అతనికి కాల్ చేసి "ఒందు క్యాన్ కళ్సి" (ఒక క్యాన్ పంపండి) అనండి. చేతి సైగలు కుదరవు కాబట్టి ఇదే గట్టి పరీక్ష. ఫ్లాట్ నంబరు ఇంగ్లిష్‌లో చెప్పినా తప్పులేదు, ఇక్కడివాళ్లూ అలాగే చెప్తారు. అసలు చిక్కు వేరే ఉంది: మీ యాస వినగానే అతను తెలుగులోకి దిగిపోతాడు. ఈ ఊళ్లో అందరికీ అన్ని భాషలూ కాస్తో కూస్తో వచ్చు మరి. అందుకే నా క్లాసులో అందరి మొదటి కార్డూ ఇదే: "కన్నడదల్లే మాతాడి, కలీతా ఇద్దీని" (కన్నడంలోనే మాట్లాడండి, నేర్చుకుంటున్నాను).