అమిగా 1200: పాత డిస్కు తీసి సీఎఫ్ కార్డు పెట్టడం

డిస్కు ఇంకా తిరుగుతుంటే, స్క్రూడ్రైవర్ జోలికి పోకముందే అందులో ఏముందో గుర్తు తెచ్చుకోండి. 1992లో వచ్చిన హోమ్ కంప్యూటర్ ఇది. అందులోని రెండున్నర అంగుళాల డిస్కు ఇవాళ తిరిగిందని రేపూ తిరుగుతుందన్న భరోసా లేదు. మా అన్నయ్య డీలక్స్ పెయింట్‌లో వేసిన బొమ్మలు నా 60 ఎంబీ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు. అందుకే నాకు కొత్త సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్ మెమరీ) కార్డు కన్నా పాత డేటాయే ముఖ్యం.

డిస్కు బయటికి తీయగానే 44 పిన్నుల ఐడీఈ–యూఎస్‌బీ అడాప్టర్‌తో లినక్స్ కంప్యూటర్‌కి తగిలించి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం ఇమేజ్ (డిస్కు అంతటికీ నకలు ఫైలు) తీయండి. అది తేలిగ్గా చదవగలిగిన భాగాలను ముందు లాగేసి, మొరాయించే సెక్టార్ల (డిస్కులోని చిన్న ముక్కల) దగ్గరికి తర్వాత వస్తుంది. విండోస్‌కి తగిలిస్తే ఇనిషియలైజ్ లేదా ఫార్మాట్ చేయమంటారా అని అడగవచ్చు, ససేమిరా ఒప్పుకోకండి. ఇమేజ్‌ని అమిగాని అనుకరించే విన్‌యూఏఈ ఎమ్యులేటర్‌లో తెరిచి, ఫైళ్లు కళ్లారా చూశాకే ముందుకు వెళ్లండి.

మూత విప్పేటప్పుడు పవర్ లైట్ల వైరు మూతతో పాటు వస్తుంది, ఒక్కసారిగా లాగొద్దు. కీబోర్డు రిబ్బన్ మరీ సున్నితం, ముందు దాని లాక్ పైకి లేపాలి. ఎలాగూ తెరిచారు కాబట్టి బోర్డు మీద కెపాసిటర్లు కారాయేమో కూడా చూడండి.

4 జీబీ కార్డు చాలు. అమిగా చిప్‌లోనే ఉండే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కిక్‌స్టార్ట్ 3.0 అంతకు మించి లెక్క పెట్టలేదు. ఆ గీత దాటి రాసిన డేటా తిరిగి డిస్కు మొదట్లోకే వెళ్లి, అక్కడున్నదాన్ని చెరిపేస్తుంది. కార్డు అడాప్టర్‌ని బోర్డుకి కలిపే కేబుల్ ఎర్ర అంచు రెండు వైపులా ఒకటో పిన్ను దగ్గరే ఉండాలి. ఇదే కేబుల్లో కరెంటూ వస్తుంది, తిరగేసి పెడితే కార్డు పోవచ్చు.

ఇన్‌స్టాల్ ఫ్లాపీతో బూట్ చేసి, డిస్కుని సిద్ధం చేసే హెచ్‌డీటూల్‌బాక్స్ తెరవండి. ‘చేంజ్ డ్రైవ్ టైప్’, ‘డిఫైన్ న్యూ’, ‘రీడ్ కాన్ఫిగరేషన్’ వరసగా నొక్కితే కార్డు వివరాలు వస్తాయి. అమిగా డెస్క్‌టాప్ అయిన వర్క్‌బెంచ్‌కి 500 ఎంబీ ఇచ్చి మిగతాదంతా రెండో పార్టిషన్ (విభాగం) చేయండి.

చాలామంది వదిలేసేది, నేను మాత్రం ఎవరికైనా పదేపదే చెప్పేది మ్యాక్స్‌ట్రాన్స్‌ఫర్, అంటే ఒక్కసారికి గరిష్ఠంగా ఎంత డేటా పంపాలో చెప్పే విలువ. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో, ఫైల్ సిస్టమ్ మార్చే చోట ఉంటుంది. దాన్ని 0ఎక్స్1ఎఫ్ఈ00 (0x1FE00) చేయండి, అంటే 1,30,560 బైట్లు, సరిగ్గా 255 సెక్టార్లు. డిఫాల్ట్‌గా వచ్చే పెద్ద విలువను అలాగే ఉంచితే చిన్న ఫైళ్లు బాగానే ఉంటాయి, పెద్దవి చడీచప్పుడూ లేకుండా పాడైపోతాయి. ఈ విలువ ఒక్కో పార్టిషన్‌కి విడిగా ఉంటుంది. రెండింటికీ పెట్టాకే సేవ్ చేసి, రీస్టార్ట్ అయ్యాక రెండింటినీ ఫాస్ట్ ఫైల్ సిస్టమ్‌తో క్విక్ ఫార్మాట్ చేయండి. మామూలు ఫార్మాట్ మొదలుపెడితే రెండో పార్టిషన్ దగ్గర గంటల తరబడి కూర్చోవాల్సి వస్తుంది.