చిటికెడు అంటే ఎంత? వేళ్లతో కొలిచే లెక్క

వంటలో చిన్న కొలతలు తప్పేది చెయ్యి తిరక్క కాదు, మాట సరిగ్గా చదవక. మాట చివర ఏముందో చూస్తే ఎలా తియ్యాలో తెలిసిపోతుంది.

చివర 'ఎడు' ఉంటే చేత్తోనో పాత్రతోనో తీసే కొలత: చిటికెడు, పిడికెడు, దోసెడు, గంపెడు. చిటికె వేసే వేళ్ల మధ్య పట్టినంత చిటికెడు. 'అంత' ఉంటే కంటి కొలత: శనగగింజంత ముద్ద ఇంగువ, నిమ్మకాయంత చింతపండు. ఇది ముద్దలకే, పొడులకు పనికిరాదు. 'ఎత్తు' అంటే తూకం. గురివింద గింజ ఎత్తు సుమారు 0.12 గ్రాములు, అది కంసాలి త్రాసు లెక్క. వీసం అంటే పదహారో వంతు. ఇక ఇసుమంత, రవ్వంత, పిసరంత మాట వరసకే. ఇసుము అంటే ఇసుక; ఇసుక రేణువంత ఉప్పు ఎవరు వేస్తారు?

మీ చిటికెడు ఎంతో ఒకసారి తేల్చుకోండి. చెయ్యి పొడిగా తుడుచుకుని, బొటనవేలు, చూపుడువేలు కొసలతో మెత్తటి ఉప్పు తీసి పావు టీస్పూన్ చెంచాలో వేస్తూ లెక్కపెట్టండి. అంచుకు సమంగా నిండటానికి నాలుగు పడితే మీ చిటికెడు టీస్పూన్‌లో వీసం, ఉప్పయితే 0.35 గ్రాముల దరిదాపు. మూడుకే నిండితే మీది పెద్ద చెయ్యి. మధ్యవేలు కూడా కలిపితే ఇంచుమించు రెట్టింపు వస్తుంది. వంటింటి త్రాసు మీద ఒక్క చిటికెడు పెడితే సున్నా చూపిస్తుంది. ఇరవై చిటికెలు వేసి ఇరవైతో భాగించండి.

ఈ లెక్క మెత్తటి ఉప్పుకే. నెల్లూరు జిల్లా ఇసకపల్లి వైపు ఉప్పు మడుల్లో పండే కల్లుప్పు రాళ్లు ఒక్కోటి ఒక్కో సైజు, వేళ్ల మధ్య నిలవవు. దంచుకుని తీసుకోండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు చెమ్మగిల్లి ఉండకడుతుంది, అప్పుడు అదే వేళ్లకి ఎక్కువ వస్తుంది. అంతకన్నా పెద్ద తప్పు, ఉడుకుతున్న గిన్నె మీదే డబ్బా తెరిచి వేళ్లు పెట్టడం. ఆవిరికి వేళ్లు తడిసి పొడి అంటుకుంటుంది. కొంత కూరలో పడదు, డబ్బాలో మిగిలింది గడ్డకడుతుంది. పక్కన పొడి గిన్నెలోకి తీసుకుని ఆపైన వెయ్యండి.

నెల్లూరు చేపల పులుసులో ఈ జాగ్రత్తంతా మెంతిపొడి దగ్గరే. అరకిలో చేపలకు దోరగా వేయించి దంచిన పొడి మూడువేళ్ల చిటికెలు రెండు చాలు, అదీ మామిడికాయ ముక్కలు మెత్తబడ్డాక, దించబోయే ముందు. మెంతులు మాడినా, పొడి ఎక్కువైనా చేదెక్కుతుంది. బెల్లం వేస్తే తీపీ చేదూ రెండూ తెలుస్తాయి. చింతపండు రసం, ఉప్పు, కారం కలిపి పులుసు పెంచుకోవడమే దారి.