మండల విలేకరి నోటుపుస్తకం రాసుకునే పద్ధతి

1989లో ఈనాడు జిల్లా సంచికలు వచ్చిన తరువాత పల్లెలోని మురుగుకాల్వకు, పాడైన బోరుకు కూడా పేపరులో చోటు దొరికింది. ఆ వార్తలు పంపే మండల విలేకరికి ఫోనులో రికార్డింగు సదుపాయం ఎంత ఉన్నా, జేబులో నోటుపుస్తకం ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. రాసుకున్న పేరును అక్కడికక్కడే ఎదుటివారికి చూపించి సరిచేయించుకోవడం కాగితం మీద సులువు.

ప్రతిరోజూ కొత్త పేజీ తీసి తేదీ, ఊరు, వెళ్లిన సమయం పైన వేయండి. పేజీని నిలువుగా మడిచి, స్వయంగా చూసినది ఎడమ వైపు, ఇతరులు చెప్పినది వారి పేరుతో సహా కుడి వైపు రాసుకోండి. రాత్రి వార్తలు దిద్దే డెస్కు నుంచి ఫోను చేసి ‘ఈ మాట ఎవరన్నారు?’ అని అడిగితే తడుముకోనక్కర్లేదు.

పేర్ల దగ్గర మాత్రం ఎంత ఆలస్యమైనా తొందరపడకండి. పోలీసు స్టేషను నుంచి ఇంగ్లిషు అక్షరాల్లో వచ్చే సమాచారంలో ‘రమ’కూ ‘రామ’కూ తేడా తెలియదు. పైగా ఉత్తరాంధ్ర పల్లెల్లో అప్పలనాయుడు వంటి పేరు ఒకే ఊళ్లో నలుగురైదుగురికి ఉంటుంది. తండ్రి పేరు వేయకుండా నేను పంపిన మరణవార్త ఒకటి చదివి, అదే పేరున్న మరొకరి కూతురు అత్తవారింటి నుంచి ఏడుస్తూ మొదటి బస్సుకే వచ్చేసింది. తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలో చెమటకు తడిసిన పేపరు ఇంకా అలాగే ఉంది. నాటి నుంచి తండ్రి పేరు, వయసు, వీధి మూడూ రాసుకోనిదే చావు ఇంటి నుంచి నేను కదలలేదు.

లైంగిక దాడి బాధితుల విషయంలో దీనికి పూర్తిగా భిన్నంగా నడుచుకోవాలి. వారి ఆనవాళ్లు ప్రచురించడం నేరం కనుక, పేరు, ఇల్లు, బడి వంటి వివరాలు పుస్తకంలోకి కూడా రానీయకండి.

పేజీ అడుగున నాలుగు వరుసలు ఖాళీగా ఉంచి, వార్త కాకుండా మనసులో మిగిలినదాన్ని పడుకోబోయే ముందు అక్కడ రాయండి. పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లే ఆడవాళ్ల వేళ్లు జీడి రసానికి కాలి గీతలు చెరిగిపోతాయి. ‘రేషను దుకాణంలో ఒకామె మూడుసార్లు వేలు పెట్టింది, ముద్ర పడలేదు’ అనే ఒక్క వాక్యం ఆ రోజుకు వార్త కాదు. అటువంటివి నెలలో నాలుగైదు కనిపిస్తే అది కథనం; అప్పుడు ఆ వీధులకు మళ్లీ వెళ్లి మాట్లాడండి, లెక్కల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి కనుక, పెట్టిన తేదీని కూడా ఆ పేజీలోనే వేసుకోండి.

పుస్తకం నిండగానే అట్ట మీద మొదటి తేదీ, చివరి తేదీ రాసి, చెద పట్టని ట్రంకుపెట్టెలో దాచండి. పరువునష్టం కేసు వార్త వచ్చిన 3 ఏళ్ల దాకా వేసే వీలుంది కాబట్టి, అంతవరకైనా ఏ పుస్తకాన్నీ పారేయకండి.