పాత బూట్ ఫ్లాపీని మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మార్చేటప్పుడు వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

అనంతపురంలో కంప్యూటర్ల మరమ్మతు చేసుకునే నా దగ్గరకు ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫ్లాపీ (సమాచారం దాచుకునే పాతకాలపు అయస్కాంత డిస్క్) పట్టుకుని వస్తూనే ఉంటారు. వేరుశనగ మిల్లులో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే పాత లెక్కల ప్రోగ్రాం ఉన్నవారు, ఫ్లాపీ తప్ప మరేదీ తీసుకోని ఎంబ్రాయిడరీ యంత్రం ఉన్నవారు, పాత కంప్యూటర్‌లో లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసి చూడాలనుకునే విద్యార్థులు వీరిలో ఉంటారు. సోనీ సంస్థ 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసిన తరువాత కొత్తవి దొరకడం కష్టమైంది కనుక, ఉన్నవాటినే చెరిపి, ఒక సిస్టమ్ నుంచి మరో సిస్టమ్‌కు మార్చుకుంటూ వాడుకోవలసి వస్తోంది. "అన్నా, ఇది చచ్చిపోయినట్టుంది, పారేద్దామా?" అని అడిగేవారికి నేను చెప్పే మాట ఒక్కటే. ముందు లోపం ఏ పొరలో ఉందో చూద్దాం, ఆ తరువాతే పారేయడం సంగతి.

ఫ్లాపీ మీద మూడు పొరలు ఉంటాయి. మొదటిది అయస్కాంత పూత మీద గీసిన ట్రాకులు, సెక్టార్లు. 1.44 ఎంబీ ఫ్లాపీకి రెండు వైపులా 80 చొప్పున ట్రాకులు, ఒక్కో ట్రాకులో 18 సెక్టార్లు, ఒక్కో సెక్టార్‌లో 512 బైట్లు, అంటే మొత్తం 2,880 సెక్టార్లు, 14,74,560 బైట్లు. రెండవది మొట్టమొదటి సెక్టార్, కంప్యూటర్‌ను బూట్ చేసే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం ఉండేది అక్కడే, దానినే బూట్ సెక్టార్ అంటాం. మూడవది ఫైల్ సిస్టమ్ (ఏ ఫైల్ ఎక్కడ ఉందో చూసుకునే ఏర్పాటు), అందులోని ఫైళ్లు. ఒక పొరలోని లోపానికి మరో పొరలో వైద్యం చేయడం వల్లనే మంచి ఫ్లాపీలు చెత్తబుట్టలో పడుతున్నాయి.

ఈ వ్యాసంలో ఆదేశాలను తెలుగు అక్షరాల్లో రాశాను. కీబోర్డు మీద వాటి ఇంగ్లిష్ అక్షరాలనే కొట్టాలి.

సమస్య: ఫార్మాట్ (డిస్క్‌ను చెరిపి కొత్తగా సిద్ధం చేయడం) సవ్యంగా పూర్తయింది, ఫ్లాపీలో ఫైళ్లూ కనిపిస్తున్నాయి, కానీ కంప్యూటర్ దానితో బూట్ కావడం లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. తెర మీద కనిపించే వాక్యాన్ని జాగ్రత్తగా చదివితే సగం పని అయిపోయినట్లే, ఎందుకంటే ఆ వాక్యం బూట్ సెక్టార్‌లోనే రాసి ఉంటుంది, ఆ సెక్టార్‌ను చివరిసారి ఎవరు రాశారో అది చెబుతుంది. "నాన్ సిస్టమ్ డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్" అని వస్తే డాస్ రాసిన బూట్ సెక్టార్ ఉంది, కానీ దానికి కావలసిన సిస్టమ్ ఫైళ్లు లేవు. "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అని వస్తే ఆ ఫ్లాపీని విండోస్ 2000లోనో ఎక్స్‌పీలోనో ఫార్మాట్ చేశారు. "దిస్ ఈజ్ నాట్ ఎ బూటబుల్ డిస్క్" అని మొదలైతే లైనక్స్‌లోని ఎంకేఎఫ్ఎస్ ఆదేశంతో ఫార్మాట్ చేశారు.

కారణం ఇది. కంప్యూటర్‌ను ఆన్ చేయగానే మదర్‌బోర్డులో ఉండే బయోస్ అనే ప్రోగ్రాం ఫ్లాపీలోని మొదటి 512 బైట్లను మెమరీలో 7సీ00 అనే చిరునామా దగ్గర పెట్టి, అక్కడి నుంచి నడిపిస్తుంది. ఆ తరువాత ఏ ఫైల్ కోసం వెతకాలనేది ఆ 512 బైట్లలోని చిన్న ప్రోగ్రాం ఇష్టం. డాస్ రాసినది ఐఓ.ఎస్‌వైఎస్ కోసం వెతుకుతుంది, ఎన్‌టీ కుటుంబం (విండోస్ 2000, ఎక్స్‌పీ వంటివి) రాసినది ఎన్‌టీఎల్‌డీఆర్ కోసం వెతుకుతుంది. కనుక ఎక్స్‌పీలో ఫార్మాట్ చేసిన ఫ్లాపీలోకి డాస్ ఫైళ్లన్నీ తెచ్చి వేసినా, బూట్ సెక్టార్ వాటి వైపు కన్నెత్తి కూడా చూడదు.

పరిష్కారానికి ఫైళ్లను కాపీ చేయడం చాలదు. డాస్ లేదా విండోస్ 98 నడుస్తున్న కంప్యూటర్‌లో "సిస్ ఎ:" అనే ఆదేశం ఇస్తే, అది బూట్ సెక్టార్‌ను కొత్తగా రాసి, దాచి ఉంచే ఐఓ.ఎస్‌వైఎస్, ఎంఎస్‌డాస్.ఎస్‌వైఎస్ ఫైళ్లను డైరెక్టరీలో (ఫైళ్ల జాబితాలో) ఉండవలసిన మొదటి రెండు చోట్లలోనే పెడుతుంది. ఫ్లాపీని పూర్తిగా చెరపడానికి అభ్యంతరం లేకపోతే "ఫార్మాట్ ఎ: /ఎస్" ఒక్కటే ఈ పనంతా చేస్తుంది. చేతిలో ఎక్స్‌పీ మాత్రమే ఉన్నవారు మై కంప్యూటర్‌లో ఫ్లాపీ మీద కుడి క్లిక్ చేసి, ఫార్మాట్ పెట్టెలో "క్రియేట్ యాన్ ఎంఎస్‌డాస్ స్టార్టప్ డిస్క్" అనే గడిలో టిక్ పెట్టాలి. ఇలా తయారయ్యే డిస్క్ విండోస్ మిలీనియం నాటి డాస్‌తో బూట్ అవుతుంది కానీ అందులో సీడీ డ్రైవర్ ఉండదు, దానిని మనమే చేర్చుకోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సిస్టమ్ ఫైళ్లు ఒక వెర్షన్‌వి, మనం కొట్టే ఆదేశాలను అందుకునే కమాండ్.కామ్ ఫైల్ మరో వెర్షన్‌ది అయితే ఫ్లాపీ బూట్ అవడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతుంది. డాస్ 6.22 ఫ్లాపీ మీద విండోస్ 98లోని కమాండ్.కామ్ తెచ్చి వేసినప్పుడు జరిగేది ఇదే. మూడు ఫైళ్లూ ఒకే చోటి నుంచి రావాలి.

సమస్య: నిన్నటి వరకు లైనక్స్ బూట్ ఫ్లాపీగా పనిచేసినది, విండోస్‌లో పెడితే "ఈ డిస్క్ ఫార్మాట్ కాలేదు, ఇప్పుడు చేయమంటారా?" అని అడుగుతోంది.

ఫ్లాపీకి ఏ జబ్బూ లేదు. దాని మీద ఉన్నది విండోస్ గుర్తుపట్టలేని ఎక్స్‌ట్2 ఫైల్ సిస్టమ్ కావచ్చు, లేదా ఏ ఫైల్ సిస్టమూ లేకుండా నేరుగా రాసిన కెర్నెల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) కావచ్చు. అందులోని సమాచారం అక్కర్లేదని నిర్ధారించుకున్నాకే సరే అనాలి. అనుమానం ఉంటే ముందుగా లైనక్స్‌లో "డీడీ ఐఎఫ్=/దేవ్/ఎఫ్‌డీ0 ఓఎఫ్=పాత.ఐఎంజీ" అనే రూపంలో మొత్తం ఫ్లాపీకి ఒక నకలు తీసిపెట్టుకోవడం మంచిది. నకలు ఫైల్ సరిగ్గా 14,74,560 బైట్లు ఉంటే ప్రతి సెక్టారూ చదవగలిగామని అర్థం.

దీనికి ఎదురు దిశలో జరిగే పొరపాటు ఇంకా తరచుగా కనిపిస్తుంది. లైనక్స్ బూట్ ఫ్లాపీ కోసం ఇమేజ్ ఫైల్ (మొత్తం ఫ్లాపీకి నకలుగా ఉండే ఫైల్) దించుకుని, దానిని మామూలు ఫైల్‌లా ఫ్లాపీలోకి కాపీ చేయబోతారు, చోటు చాలదనే సందేశం వస్తుంది. 1.44 ఎంబీ ఫ్లాపీలో 1.44 ఎంబీ ఫైల్ ఎందుకు పట్టదని అడుగుతారు. డాస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఫ్లాపీలో బూట్ సెక్టార్‌కు 1, ఏ ఫైల్ ఎక్కడ ఉందో చెప్పే రెండు ఫ్యాట్ పట్టికలకు తొమ్మిదేసి చొప్పున 18, మూల డైరెక్టరీకి 14, మొత్తం 33 సెక్టార్లు ముందే ఖర్చవుతాయి. మిగిలేది 14,57,664 బైట్లు. ఇమేజ్ ఫైల్‌లో ఆ 33 సెక్టార్లు కూడా కలిసే ఉంటాయి కనుక, దానిని కాపీ చేయకూడదు, మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ వరకు ఉన్నది ఉన్నట్లుగా రాయాలి. డాస్‌లో రారైట్ అనే ప్రోగ్రాం, లైనక్స్‌లో డీడీ ఆ పని చేస్తాయి. ముందుగా ఫ్లాపీ మీద ఏ ఫైల్ సిస్టమ్ ఉన్నదనేది ఇక్కడ లెక్కలోకి రాదు, కానీ ట్రాకులు మాత్రం చెడు సెక్టార్ ఒక్కటి కూడా లేకుండా ఉండాలి. డాస్ ఫార్మాట్ చెడు సెక్టార్‌ను గుర్తించి పక్కన పెడుతుంది, ఇమేజ్ రాసేటప్పుడు అలా పక్కన పెట్టే వీలు లేదు.

లైనక్స్ కెర్నెల్‌ను నేరుగా ఫ్లాపీకి రాసి బూట్ చేయబోతే "డైరెక్ట్ బూటింగ్ ఫ్రమ్ ఫ్లాపీ ఈజ్ నో లాంగర్ సపోర్టెడ్" అని వచ్చిందంటే, అది 2.6 తరానికి చెందిన కెర్నెల్. ఫ్లాపీని డాస్ పద్ధతిలో ఫార్మాట్ చేసి, అలాంటి ఫ్లాపీ నుంచి లైనక్స్‌ను మొదలుపెట్టే సిస్‌లైనక్స్ అనే ప్రోగ్రాం ఎక్కించి, కెర్నెల్‌ను అందులో ఫైల్‌గా పెట్టాలి.

సమస్య: "ఇన్వాలిడ్ మీడియా ఆర్ ట్రాక్ 0 బ్యాడ్, డిస్క్ అన్‌యూజబుల్" అని చెప్పి ఫార్మాట్ ఆగిపోతోంది.

ఈ సందేశం చూడగానే చాలామంది ఆశ వదులుకుంటారు. నిజంగానే సున్నా ట్రాకు మీద గీత పడితే చేయగలిగింది లేదు, కానీ అంతకు ముందు చూడవలసినవి రెండు ఉన్నాయి.

మొదటిది, ఆ ఫ్లాపీ అంతకుముందు మామూలు కొలతలో లేకపోవడం. విండోస్ 95 ఫ్లాపీల్లో మొదటిది తప్ప మిగిలినవి డీఎంఎఫ్ అనే పద్ధతిలో ఉండేవి, వాటిలో ట్రాకుకు 18కి బదులు 21 సెక్టార్లు. ఒకే ఫ్లాపీలో నడిచే కొన్ని లైనక్స్‌లు 82 ట్రాకులు, 21 సెక్టార్లతో 1,722 కేబీ వరకు పట్టించేవి. అలాంటి దాని మీద త్వరిత ఫార్మాట్ పనికిరాదు, ఎందుకంటే అది పాత ట్రాకులను అలాగే ఉంచి పైపై పట్టికలను మాత్రమే తిరగరాస్తుంది. డాస్‌లో "ఫార్మాట్ ఎ: /యు", లైనక్స్‌లో "ఎఫ్‌డీఫార్మాట్ /దేవ్/ఎఫ్‌డీ0యు1440" ఇస్తే ట్రాకులనే కొత్తగా గీస్తాయి. లైనక్స్‌లో ఆ తరువాత "ఎంకేఎఫ్ఎస్.ఎంఎస్‌డాస్ /దేవ్/ఎఫ్‌డీ0" కూడా ఇవ్వాలి, ఎఫ్‌డీఫార్మాట్ ట్రాకులను గీసి వదిలేస్తుందే తప్ప ఫైల్ సిస్టమ్‌ను పెట్టదు.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ వాడేవారికి ఎఫ్‌డీఫార్మాట్ పనిచేయదు, దాని బదులు యూఎఫ్ఐఫార్మాట్ వాడాలి. 21 సెక్టార్ల పద్ధతులు సాధారణంగా ఆ డ్రైవ్‌లలో అసలు నడవవు. మదర్‌బోర్డు మీది కేబుల్‌కు తగిలించే పాత డ్రైవ్ ఒకటి దాచుకోమని నేను అందరికీ చెప్పేది అందుకే.

రెండవది, 720 కేబీ, 1.44 ఎంబీల మధ్య గందరగోళం. 1.44 ఎంబీ ఫ్లాపీకి రెండు మూలల్లో రంధ్రాలుంటాయి. మూత జరిగేది రాతను ఆపే రంధ్రం, మూత లేనిది ఇది ఎక్కువ సాంద్రత గల డిస్క్ అని డ్రైవ్‌కు చెప్పే రంధ్రం. ధర్మవరం నుంచి వచ్చిన ఒక ఎంబ్రాయిడరీ పనివాడు తెచ్చిన ఫ్లాపీని అతని యంత్రం 720 కేబీగా ఫార్మాట్ చేసింది, ఆ యంత్రంలో చక్కగా నడుస్తోంది. నా కంప్యూటర్ మాత్రం రంధ్రాన్ని చూసి దానిని 1.44గా చదవబోయి ప్రతిసారీ విఫలమైంది. ఆ రంధ్రం మీద రెండు వైపులా నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి పెట్టగానే డిజైన్లన్నీ కనిపించాయి. అలాంటి దానిని మళ్లీ 1.44 బూట్ ఫ్లాపీగా మార్చాలంటే టేపు తీసేసి, జిగురు మిగలకుండా తుడిచి, /యుతో ఫార్మాట్ చేయాలి. ఎక్స్‌పీలో 720 కేబీకి ఫార్మాట్ చేయవలసి వస్తే "ఫార్మాట్ ఎ: /టి:80 /ఎన్:9" అని ఇవ్వాలి.

సమస్య: ఫ్లాపీ మార్చినా పాత ఫ్లాపీలోని ఫైళ్ల పేర్లే కనిపిస్తున్నాయి.

దీనిని నేను అన్నిటికన్నా ప్రమాదకరమైనదిగా లెక్కిస్తాను. డిస్క్ మారిందని డ్రైవ్ 34వ పిన్ మీదుగా కంప్యూటర్‌కు చెప్పాలి. కేబుల్‌లో ఆ తీగ తెగినా, డ్రైవ్‌లోని స్విచ్ దుమ్ము పట్టి కదలకపోయినా ఆ కబురు అందదు. కంప్యూటర్ తన దగ్గర ఉన్న పాత పట్టికనే నమ్ముతుంది. ఆ స్థితిలో ఏదైనా రాస్తే, మొదటి ఫ్లాపీ ఫ్యాట్ పట్టిక రెండవ ఫ్లాపీ మీద పడి, రెండవదానిలోని ఫైళ్లు చెదిరిపోతాయి. ఒక మిల్లు వారి సంవత్సరం లెక్కల ఫ్లాపీ నా చేతిలోనే ఇలా పాడైంది. బూట్ ఫ్లాపీ తీసి లెక్కల ఫ్లాపీ పెట్టాను, డైరెక్టరీలో మళ్లీ కమాండ్.కామ్ కనిపించింది, దానిని పట్టించుకోకుండా చిన్న ఫైల్ ఒకటి రాశాను. అదృష్టవశాత్తు వారి దగ్గర మరో నకలు ఉంది. పేర్లు మారలేదని గమనించిన క్షణమే ఫ్లాపీని బయటకు తీసి, రాతను ఆపే మూత తెరిచి, కేబుల్ మార్చి చూడాలి. కేబుల్ మార్చినా అలాగే ఉంటే డ్రైవ్‌నే మార్చాలి.

సమస్య: డ్రైవ్ లైటు ఆన్ చేసినప్పటి నుంచి ఆరడం లేదు.

కేబుల్ తిరగబడింది. ఎర్ర గీత ఉన్న అంచు 1వ పిన్ వైపు ఉండాలి. సరిచేసే వరకు ఏ ఫ్లాపీనీ లోపల పెట్టవద్దు.

సమస్య: ఒక డ్రైవ్‌లో చదివే ఫ్లాపీ మరో డ్రైవ్‌లో చదవడం లేదు.

రెండు డ్రైవ్‌ల హెడ్‌లు (ఫ్లాపీని చదివే, రాసే భాగాలు) ఒకే వరుసలో లేవు. ఏ కంప్యూటర్‌ను బూట్ చేయాలో ఆ కంప్యూటర్ డ్రైవ్‌లోనే ఫార్మాట్ చేసి, అక్కడే రాయాలి. మా జిల్లా పొడి నేలల దుమ్ము హెడ్ మీద సన్నని పొరలా పేరుకుంటుంది కనుక, ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని పుల్లతో హెడ్‌ను నెమ్మదిగా తుడిచి చూడటం అవసరం. పై హెడ్‌ను ఎత్తకూడదు, దాని స్ప్రింగ్ వంగితే డ్రైవ్ పోతుంది.

సమస్య: ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా బూట్ సెక్టార్ వైరస్ తిరిగి వస్తోంది.

బూట్ కాని ఫ్లాపీలో కూడా బూట్ సెక్టార్ ఉంటుంది, అది కూడా ప్రోగ్రామే. "నాన్ సిస్టమ్ డిస్క్" అనే వాక్యం కనిపించేసరికే అందులోని వైరస్ హార్డ్ డిస్క్‌లోకి చేరిపోయి ఉండవచ్చు. ఆ కంప్యూటర్ మెమరీలో వైరస్ ఉండగా ఫ్లాపీని ఎంత శుభ్రం చేసినా, ముట్టుకున్న వెంటనే మళ్లీ అంటుకుంటుంది. రాతను ఆపే మూత తెరిచి ఉంచిన శుభ్రమైన ఫ్లాపీతో బూట్ చేసి, ముందు సి: డ్రైవ్ కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపిస్తే హార్డ్ డిస్క్ బూట్ ప్రోగ్రాంను కొత్తగా రాసే "ఎఫ్‌డిస్క్ /ఎంబీఆర్" ఇచ్చి, ఆ తరువాత ఫ్లాపీలను ఒక్కొక్కటిగా ఫార్మాట్ చేయవచ్చు. కనిపించకపోతే ఆ ఆదేశం ఇవ్వనే ఇవ్వకూడదు. మంకీ వంటి వైరస్ పార్టిషన్ పట్టికను (హార్డ్ డిస్క్ ఏ భాగాలుగా విభజించి ఉందో చెప్పేదాన్ని) మరో చోట దాచి ఉంచుతుంది, ఎఫ్‌డిస్క్ వైరస్‌ను చెరిపితే ఆ పట్టికకు దారి చూపేది కూడా పోతుంది. ముందు యాంటీవైరస్‌తోనే దానిని తీయించాలి.

సమస్య: ఫ్లాపీ పెట్టగానే గీసుకుంటున్న శబ్దం వస్తోంది.

వెంటనే తీసేయాలి. లోహపు మూతను పక్కకు జరిపి, లోపలి పళ్లాన్ని చేత్తో తిప్పుతూ వెలుతురులో చూస్తే గుండ్రని గీతలు గానీ, బూజు మచ్చలు గానీ కనిపిస్తాయి. 2009 అక్టోబరు వరదలో కర్నూలులో నీట మునిగిన ఇంటి నుంచి వచ్చిన పెట్టె ఒకటి నేను చూశాను, అందులోని ఫ్లాపీల మీద సన్నని ఒండ్రు ఎండిపోయి ఉంది. అలాంటి దానిని ఒక్కసారి డ్రైవ్‌లో పెడితే హెడ్‌కు మట్టి అంటుకుని, ఆ తరువాత పెట్టే మంచి ఫ్లాపీలన్నిటినీ గీరుతుంది. అందులోని సమాచారం తప్పక కావాలంటే పైడొప్ప విప్పి, పళ్లాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, మరో ఫ్లాపీ డొప్పలో అమర్చి ఒక్కసారి చదివి నకలు తీసుకోవాలి. మళ్లీ బూట్ ఫ్లాపీగా వాడటానికి మాత్రం దానిని తీసుకోకూడదు.

సమస్య: ఫ్లాపీ డ్రైవ్‌లో ఇరుక్కుని బయటకు రావడం లేదు.

ఫార్మాట్ చేసినప్పుడల్లా పాత లేబుల్ మీదే కొత్తది అంటించడం వల్ల మందం పెరిగి, అంచు లేచి, లోపల పట్టుకుంటుంది. కంప్యూటర్ ఆపి, డ్రైవ్ విప్పి, లేచిన అంచును సన్నని స్కేలుతో అణచి ఫ్లాపీని లాగాలి. పాత లేబుల్‌ను పూర్తిగా ఒలిచి, ఒకే ఒక లేబుల్ మీద ఏ సిస్టమ్, ఏ వెర్షన్, ఏ డ్రైవ్‌లో ఫార్మాట్ చేశామో ముందుగానే రాసుకుని, అప్పుడు ఫ్లాపీకి అంటించాలి.