నీడలో పచ్చని నేల – 3వ పాఠం: తడి నీడ, పొడి నీడ

పోయిన పాఠంలో మీ స్థలంలో ఎక్కడ ఎన్ని గంటలు ఎండ పడుతుందో రాసిపెట్టుకోమన్నాను. ఆ కాగితం తీయండి. ఇవాళ దాని పక్కన ఇంకో గడి గీయాలి: అక్కడి మట్టి తడిగా ఉంటోందా, పొడిగా ఉంటోందా? నేలని కప్పేలా నీడలో నాటిన మొక్కలు ఎక్కువగా పోయేది వెలుతురు చాలక కాదు, ఈ రెండో గడి చూడకుండా నాటడం వల్ల.

బెంగళూరు ఇళ్లలో నీడ రెండు రకాలు. ఒకటి గోడ నీడ. ఇంటికీ కాంపౌండుకీ మధ్య మూడడుగుల సందు, పైన పక్కింటివాళ్ల రెండో అంతస్తు. ఎండ రాదు, గాలి ఆడదు, ఏదో ఒక పైపు కారుతూనే ఉంటుంది. జూన్‌లో తడిసిన మట్టి దసరా దాకా ఆరదు. ఇది తడి నీడ. రెండోది చెట్టు నీడ. జయనగర్, మల్లేశ్వరం వైపు పాత ఇళ్లలో మామిడో, పనసో, బటర్ ఫ్రూటో (అవకాడో) ఉంటుంది చూడండి, దాని కింద. చిన్న వాన పడితే సగం ఆకుల మీదే ఆగిపోతుంది, కిందికి దిగిన కాస్తా చెట్టు వేళ్లే తాగేస్తాయి. ఇది పొడి నీడ. చూడ్డానికి రెండూ చల్లగానే ఉంటాయి, అక్కడే మోసపోతాం.

పరీక్ష సులువు. గట్టి వాన పడిన మర్నాడు నాలుగంగుళాల లోతున గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించండి. వేళ్ల సందుల్లోంచి నీరు ఊరినా, ముద్ద వేలితో పొడిచినా విరగకపోయినా తడి నీడ. అసలు ముద్దే కట్టకపోతే పొడి నీడ. ముద్ద కట్టి, తట్టగానే విరిగిందా, మీరు అదృష్టవంతులు, దాదాపు ఏదైనా పెట్టుకోవచ్చు.

తడి నీడకి బాణం మొనలాంటి ఆకుల సింగోనియం, ఫెర్నులు, నేల మీద పాకే వాండరింగ్ జ్యూ మంచివి. కొంచెం వెలుతురు తగిలే మూల ఉంటే సరస్వతి ఆకు కూడా పాకుతుంది, పచ్చడికి పనికొస్తుంది. పొడి నీడకి గడ్డి దుబ్బులా ఉండే మోండో గ్రాస్, స్పైడర్ ప్లాంట్, ఆకుల అడుగున ఊదారంగుండే రియో. స్పైడర్ ప్లాంట్‌ని ఒకసారి కుండీలోంచి ఊడదీసి చూడండి. లేత ముల్లంగి దుంపల్లాంటి తెల్లటి వేళ్లు గుత్తులుగా ఉంటాయి. నీళ్లు దాచుకునేది వాటిలోనే. నాలుగు రోజులు మీరు ఊరెళ్లినా అది బెంగపడదు. మనీ ప్లాంట్ రెండు చోట్లా బతుకుతుంది. పాకడానికి చెట్టో గోడో దొరక్కపోతే నేలంతా కప్పేస్తుంది. కుక్కపిల్ల గానీ, పాకే బిడ్డ గానీ ఉన్న ఇంట్లో మాత్రం మనీ ప్లాంట్, సింగోనియం అందేచోట వద్దు. ఆకు నమిలితే నోరు మంట పుడుతుంది.

యూట్యూబ్‌లో కనిపించే పాకిసాండ్రా, హోస్టాల జోలికి పోకండి. అవి చలిదేశాల మొక్కలు. ఇక్కడ మంచు పడదు కాబట్టి చలికి ఆకు రాలుతుందన్న భయం లేదు. మనకి అసలు పరీక్ష మార్చి, ఏప్రిల్. అప్పుడు పచ్చగా ఉన్నదే ఏడాదంతా పచ్చగా ఉన్నట్టు.

మొక్కలకి లాల్‌బాగ్ పక్కన సిద్దాపుర నర్సరీలకి వెళ్లండి. అక్కడ చాలామందితో తెలుగులోనే బేరమాడొచ్చు. “అన్నా, ఇది నీడలో బతుకుతుందా?” అని మాత్రం అడక్కండి. “బతుకుతుంది మేడమ్, ఎక్కడైనా బతుకుతుంది” అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. “దీన్ని ఇక్కడ నీడ కోసం కట్టిన నెట్ కింద పెంచారా, బయట ఎండలోనా?” అని అడగండి. ఎండలో పెరిగినదాన్ని తెచ్చి ఒక్కసారిగా చీకటి సందులో పెడితే ఆకులు రాలుస్తుంది. తొందరగా కప్పేస్తుందని పసుపు పూల వెడీలియా అంటగట్టబోతారు, వద్దనండి. నీడలో అది పూయదు, తీగ సాగిపోతుంది. ఎండ తగిలిన చోటికి చేరిందంటే ఇక పీకలేం. ప్రపంచంలోని 100 చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని ఊరికే పెట్టలేదు.

ఇక నాటడం. తడి నీడలో పని తక్కువ: ఎర్రమట్టిలో మూడో వంతు ముతక ఇసుక, అంతే వర్మీ కంపోస్ట్ కలిపి, నేల కన్నా నాలుగంగుళాలు ఎత్తుగా మడి కట్టి నాటేయండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) వద్దు, అది ఇంకా నీళ్లు పట్టి ఉంచుతుంది.

చెట్టు కింద మాత్రం ఓపిక కావాలి. గునపం పెట్టి తవ్వే పని లేదు. బటర్ ఫ్రూట్ వేళ్లు పైపైనే ఉంటాయి, తెగితే చెట్టే దెబ్బతింటుంది. అడుగు మందాన మట్టి తెచ్చి పోసినా వేళ్లకి ఊపిరాడదు. మొదలు చుట్టూ రెండడుగులు ఖాళీగా వదిలేయండి. ఆ తర్వాత పాత చెంచాతోనో, చిన్న తాపీతోనో వేళ్ల మధ్య సందు వెతుక్కుని, పిడికిలి పట్టేంత గుంట తీయండి. లావు వేరు తగిలిందా, పక్కకి జరగండి. వరస వంకరపోయినా ఏం ఫర్వాలేదు. గుంటలో గుప్పెడు కంపోస్ట్, చిటికెడు వేపపిండి వేయండి. మోండో గ్రాస్ కుండీని బోర్లించి దుబ్బుని చేత్తో పిలకలుగా విడదీయండి. ఒక్కో పిలకకి వేళ్లు ఉండేలా చూసుకుని, ఆకుల చివర మూడో వంతు కత్తిరించి, మొదలు మట్టికి సమంగా వచ్చేట్టు పెట్టి నొక్కండి. లోతుగా పెడితే కుళ్లుతుంది.

ఆరంగుళాలకి ఒకటి చొప్పున చదరపు అడుగుకి 4 పిలకలు పడతాయి. పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడికి 120. అన్ని కుండీలు కొనక్కర్లేదు, ఒక్కో దుబ్బులోంచి ఎన్ని పిలకలొస్తాయో నర్సరీలోనే లెక్కేసుకోండి. మోండో గ్రాస్ కలిసిపోవడానికి ఏడాది పైనే పడుతుంది. ఈలోగా ఖాళీలు చూడలేక మధ్యలో వాండరింగ్ జ్యూ గుచ్చకండి, రెండు నెలల్లో మోండోని మింగేస్తుంది. ఖాళీల్లో ఆ చెట్టు ఎండుటాకులే రెండంగుళాలు పరవండి.

జూన్‌లో నాటితే సెప్టెంబర్, అక్టోబర్ వానలు అందుతాయి. నీళ్లకి రోజూ అనే లెక్క వద్దు. వేలు రెండు కణుపులు గుచ్చండి, పొడిగా ఉంటేనే పోయండి. చెట్టు కింద పోసేటప్పుడు బక్కెట్‌తో గుమ్మరించకుండా పైపు సన్నగా వదిలి నిదానంగా తడపండి. అలాగని మొదలు దగ్గర నీళ్లు నిలవనివ్వకండి, బటర్ ఫ్రూట్‌కి వేరుకుళ్లు వచ్చేది దానివల్లే.

వానాకాలంలో ఇంకో బెడద ఆఫ్రికా నత్తలు. చీకటి పడ్డాక టార్చ్ పట్టుకుని వెళ్లండి, బొప్పాయి ఆకులు పడేసి ఉంచితే వాటి కిందకే చేరతాయి. గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి. వాటిలో మనుషులకి జబ్బు చేసే పరాన్నజీవులు ఉంటాయి. ఏరి ఉప్పునీళ్ల బకెట్‌లో వేయండి. ఉప్పు మడిలో మాత్రం చల్లకండి.

వచ్చే పాఠానికి చేయాల్సింది: రెండో గడి నింపండి, పిడికిలి పరీక్ష కనీసం మూడు చోట్ల చేయండి. తీగ మొక్కల చిగుళ్లు తుంచి, తుంచిన ముక్కల్నే నాటి మడి నింపుకోవడం 4వ పాఠంలో చూద్దాం. పదునైన కత్తెర ఒకటి కొనిపెట్టుకోండి.