విప్పి మళ్ళీ బిగించినా అంచులు కలిసే బీరువా: కొలతలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి

మా నాన్న చేసిన టేకు బీరువా ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. గదిలోనే కూర్చుని చేశారు, గదిలోనే ఉండిపోయింది. గుమ్మం కంటే అది పెద్దది. ఇల్లు పడగొడితే తప్ప బయటికి రాదు.

విజయనగరం దాసన్నపేట వైపు నాకున్న చిన్న వర్క్‌షాపుకి వచ్చేవాళ్ళకి అలాంటి బీరువా పనికిరాదు. ఎక్కువమంది టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు. ఈరోజు శ్రీకాకుళం, మూడేళ్ళకి పార్వతీపురం, ఆ తర్వాత పలాస. అద్దె ఇల్లు, లిఫ్టు లేని మూడో అంతస్తు. వాళ్ళకి కావాల్సింది విప్పి చిన్న ట్రక్కులో పడేసి, కొత్త ఊళ్ళో మళ్ళీ బిగించుకునే సామాను. బిగించాక తలుపుల మధ్య సందు ఒకచోట సన్నంగా, ఒకచోట వెడల్పుగా ఉండకూడదు. పై బాక్సు కింది బాక్సు మీద మిల్లీమీటరు కూడా బయటికి రాకూడదు. ఈ రెండూ సాధించడానికి నాకు నాలుగైదేళ్ళు పట్టింది. మీకు అంత పట్టకూడదని రాస్తున్నాను.

ముందు టేపు మీద అంగుళాల వైపు చూడటం మానేయండి. నాన్నకి కొలత అంటే అంగుళాలు, నూళ్ళు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు, అంటే ఒక నూలు మూడు ఎంఎం పైచిలుకు. టేకు చెక్కలో అర నూలు తేడా వస్తే చిత్రిక పట్టి సరిచేసేవారు. లామినేషన్ బోర్డుకి చిత్రిక పట్టలేం. కోసిందే కొలత. అందుకని ఎంఎంలోనే గీయాలి, ఎంఎంలోనే మాట్లాడాలి. హెల్పర్‌తో కూడా.

రెండో మాట, బోర్డు మందం. షాపులో 18 అంటారు, బిల్లు మీదా 18 అని రాస్తారు. మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తే 17.4 ఉండొచ్చు, 18.2 ఉండొచ్చు. ప్లైవుడ్‌కి బయట 1 ఎంఎం సన్‌మైకా, లోపల పల్చటి లైనర్ అంటించారంటే మొత్తం 19 దాటిపోతుంది.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న పాఠం. శ్రీకాకుళంలో ఒక మాస్టారి ఇంటికి హాల్లో గోడ పొడుగునా యూనిట్ చేశాను. కింద 400 వెడల్పు బాక్సులు నాలుగు, పైన 800 వెడల్పువి రెండు. కాగితం మీద రెండు వరసలూ 1600. బోర్డు 18 అనుకుని, అడ్డపలకలన్నీ బాక్సు రెండు వైపుల నిలువు పలకలకి 36 తీసేసి కోయించాను. వచ్చిన బోర్డు నిజానికి 17.5. కింది వరసలో నిలువు పలకలు ఎనిమిది, ఒక్కోటి అర ఎంఎం తక్కువ, మొత్తం నాలుగు ఎంఎం పోయింది. పైన నిలువు పలకలు నాలుగే, అక్కడ పోయింది రెండే. ఎడమవైపు అంచులు కలిపి పెట్టుకుంటూ వెళ్తే కుడి చివర పై బాక్సు రెండు ఎంఎం బయటికొచ్చింది. మాస్టారి భార్య ఏమీ అనలేదు. ఆ గట్టు మీద వేలితో ఒకసారి రాసి, లోపలికెళ్ళి టీ పెట్టారు. ఆ టీ నాకు గొంతు దిగలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. బయటి కొలత మారదు, 400 అంటే 400, 800 అంటే 800. బోర్డు షాపుకి దిగాక నాలుగు మూలలా మందం కొలిచి, అప్పుడే అడ్డపలక పొడవు లెక్క కడతాను. 17.6 వచ్చిందంటే 800 బాక్సుకి అడ్డపలక 764.8. ఒక ఇంటి పనికి బోర్డులన్నీ ఒకే లాటులో తెచ్చుకోవాలి. ఒకటి తగ్గిందని నెల తర్వాత ఇంకోటి తెస్తే మందం, రంగు రెండూ మారతాయి.

ఇక రంధ్రాలు. మాడ్యులర్ పని, అంటే ఇలా విప్పి బిగించే బాక్సుల పని, దాని ప్రాణమంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ఐరోపా ఫ్యాక్టరీల్లో మొదలై ఇప్పుడు మన హార్డ్‌వేర్ షాపుల దాకా వచ్చిన పద్ధతి ఒకటుంది, 32 ఎంఎం సిస్టమ్ అంటారు. పక్కపలక లోపలి ముఖం మీద 5 ఎంఎం రంధ్రాలు నిలువుగా వరసలో ఉంటాయి. ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి 32, ముందు అంచు నుంచి వరసకి 37. ఆటో హింజ్ (తలుపు బందు) ప్లేటు స్క్రూలు ఈ వరసలోనే పడతాయి. డ్రాయర్ జారే ఛానెల్ మొదటి స్క్రూ, అర కింద పెట్టే పిన్నూ అందులోనే. వరస ఒక్కటి సరిగ్గా పడితే చాలు, తర్వాత ఏది బిగించాలన్నా టేపు తీయక్కర్లేదు.

పలక ఎత్తు కూడా ఈ 32కి లొంగేలా పెట్టుకోవాలి. నేను వాడే ఎత్తు 722. లెక్క చూడండి: 32ని 22తో హెచ్చిస్తే 704, దానికి 18 కలిపితే 722. మొదటి రంధ్రం కింది చివర నుంచి 9 దగ్గర, చివరిది పై చివర నుంచి 9 దగ్గర పడుతుంది. మొత్తం 23 రంధ్రాలు, పన్నెండోది సరిగ్గా నడిమధ్యలో, 361 దగ్గర. లాభం ఏమిటంటే, పలకని తలకిందులు చేసినా రంధ్రాలు అక్కడే ఉంటాయి. ఎడమ పలకని తిప్పి పెడితే కుడి పలక అయిపోతుంది. ముందు అంచు ముందే ఉంటుంది, లోపలి ముఖం లోపలే ఉంటుంది. కుడి, ఎడమ అని రెండు రకాలు చేసే పని లేదు. బిగించేవాడు తప్పు పలక పట్టుకునే అవకాశమే లేదు. ఇది మొదటిసారి అర్థమైన రోజు నేను రాత్రి పదింటి దాకా షాపులో పలకలు తిప్పుతూ కూర్చున్నాను.

లోతు 298 పెడతాను. ముందు నుంచి 37, వెనక నుంచి 37 తీసేస్తే మధ్యలో 224 మిగులుతుంది, అంటే ఏడు 32లు. పైగా నాలుగడుగుల షీటు వెడల్పు 1220. రంపం కోతకి మూడు, మూడున్నర ఎంఎం పోయినా నాలుగు పట్టీలు హాయిగా వస్తాయి. బట్టల బీరువాకి ఈ లోతు చాలదు, అది పుస్తకాలకీ హాలు యూనిట్లకీ. హ్యాంగర్లు తగిలించాలంటే 554 పెట్టండి, అదీ 32 లెక్కకి వస్తుంది.

పలక అంచులకి అంటించే ఎడ్జ్ బ్యాండ్ టేపు మందం మర్చిపోకండి. పక్కపలక నాలుగంచులకీ 0.8 టేపు వేస్తే, 722 రావడానికి కోత 720.4, 298కి 296.4. 37 ఎప్పుడూ టేపు వేసిన అంచు నుంచే కొలవాలి, అంటే టేపు ముందు, రంధ్రం తర్వాత. పక్కపలకకి ఆనే అడ్డపలక చివరలకి మాత్రం నేను టేపు వేయను, బాక్సు వెడల్పు మారిపోతుంది.

అడ్డపలకని నిలువు పలకకి కలిపేది మినీఫిక్స్ (ఒక బోల్టు, దాన్ని తిప్పి లాగి పట్టే చక్రం), చెక్క డోవెల్ (గుండ్రటి చిన్న చెక్క పుల్ల). చాలామంది మినీఫిక్స్ ఒక్కటే పెట్టి ఊరుకుంటారు. మినీఫిక్స్ లాగుతుంది, అంతే. పలకని సరైన చోట నిలబెట్టేది డోవెల్. జాయింటుకి రెండు మినీఫిక్స్‌లు ముందు వెనక 37 దగ్గర, వాటి నుంచి 32 లోపలికి, అంటే 69 దగ్గర రెండు డోవెల్‌లు. డోవెల్ 8 ఎంఎం లావు, 30 పొడవు. నిలువు పలకలో 12 లోతు, అడ్డపలక చివరలో 20. రెండూ కలిపితే 32, గమ్ముకో పొట్టుకో రెండు ఎంఎం ఖాళీ ఉండాలి. విప్పే సామాను కాబట్టి గమ్ము ఒక వైపే వేయాలి. అలవాటు కొద్దీ రెండు వైపులా ఫెవికాల్ పోశారంటే అది మా నాన్న బీరువా అయిపోతుంది.

మినీఫిక్స్ చక్రానికి 15 ఎంఎం రంధ్రం. 18 బోర్డుకి లోతు 13.5, రంధ్రం మధ్య పలక చివర నుంచి 34 (పొడుగు బోల్టు లెక్క ఇది, పొట్టి దానికి 24). డ్రిల్లుకి లోతు దాటకుండా ఆపే డెప్త్ స్టాప్ బిగించకుండా ఈ పని ముట్టుకోవద్దు. అవతలి వైపు సన్‌మైకా పొంగిందంటే ఆ పలక చెత్తబుట్టకే.

బోల్టు దూరే రంధ్రం పలక మందంలో సరిగ్గా మధ్యన పెట్టాలని పుస్తకాలు చెబుతాయి. నేను మధ్య వెతకను. చక్రం ఉన్న ముఖం నుంచి 9 కొలుస్తాను. పై పలకకి చక్రం పైకి, కింది పలకకి కిందికి చూస్తుంది. మందం 17.5 అయినా 18.2 అయినా ఆ ముఖం పక్కపలక చివరతో సమానంగా ఆగుతుంది. తేడా ఏదైనా ఉంటే బాక్సు లోపలికి పోతుంది, అక్కడ ఎవరూ వేలు రాయరు. ప్రతి పలకకీ ఒక ముఖం, ఒక అంచు నిర్ణయించుకుని పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కొలతలన్నీ అక్కడి నుంచే. ఒక రంధ్రం ముందు నుంచి, ఇంకోటి వెనక నుంచి కొలిచారో, కోతలో వచ్చిన తేడా అంతా జాయింటులో కూర్చుంటుంది.

చేత్తో గుర్తులు పెట్టుకుని 23 రంధ్రాలు వేస్తే 23 తప్పులు. ఒక జిగ్, అంటే డ్రిల్లుకి దారి చూపే పట్టీ, చేసుకోండి. 12 ఎంఎం ప్లై పట్టీకి డ్రిల్ ప్రెస్‌లో 32 దూరంతో రంధ్రాలు వేసి, ఇనుప బుష్‌లు (బిట్ దూరే చిన్న గొట్టాలు) దిగ్గొట్టి, ఒక పక్కన అంచుకి ఆనే చెక్క, ఒక చివర ఆనే చెక్క బిగిస్తే చాలు. బుష్ లేకపోతే యాభై పలకలకే రంధ్రం వదులవుతుంది. నా మొదటి జిగ్‌లో ఒక రంధ్రం అర ఎంఎం పక్కకి ఉండేది. తమాషా ఏమిటంటే ఏ బాక్సులోనూ అది కనపడలేదు, అన్ని పలకల్లోనూ అదే తప్పు అదే చోట పడింది కదా. తలుపు హింజ్ బిగించేటప్పుడు మాత్రం దొరికిపోయాను.

వెనక పలక 6 ఎంఎం. మేకులు కొట్టకండి, గాడిలో దూర్చండి. వెనక అంచు నుంచి 12 వదిలి, 8 లోతు గాడి. బాక్సు మూలమట్టంగా నిలబడేది ఈ పలక వల్లే. వెనక ఆ 12 ఖాళీ ఉంటే వైర్లు దాక్కుంటాయి. టైల్ స్కర్టింగ్ ముందుకి పొడుచుకొచ్చే ఇళ్ళల్లో మాత్రం కింది బాక్సు గోడకి ఆనదు, స్కర్టింగ్ మందం కొలుచుకుని రండి. బిగించాక మూల నుంచి మూలకి టేపు పట్టి చూడండి. రెండు కొలతలకీ తేడా 2 ఎంఎం లోపు ఉంటే వదిలేయండి.

తలుపుల సంగతి త్వరగా చెప్పేస్తాను. బయటి కొలతలోంచి 3 తీసేస్తే తలుపు: 400కి 397, 722కి 719. హింజ్ గిన్నెకి 35 ఎంఎం బిట్. డ్రాయర్‌కి టెలిస్కోపిక్ ఛానెల్ అయితే లోపలి వెడల్పులోంచి 26 తగ్గించండి. కొంచెం వదులైనా నడుస్తుంది, అర ఎంఎం బిగువైతే నడవదు.

బోర్డు విషయానికొస్తే మా వైపు తేమ ఎక్కువ. ప్రీలామ్ (లామినేషన్ ముందే అంటించి వచ్చే) పార్టికల్ బోర్డు చవక, నునుపు, కోతకి హాయి. తడిగుడ్డ తగిలే చోట మాత్రం ఉబ్బుతుంది. భీమిలి వైపు, కళింగపట్నం వైపు ఇళ్ళకి కింది బాక్సులు నీటికి తట్టుకునే బీడబ్ల్యూఆర్ ప్లైలోనే చేస్తాను, డబ్బు ఎక్కువైనా సరే. అన్నిటికీ ఎత్తు తిప్పుకునే ప్లాస్టిక్ కాళ్ళు పెడతాను. నేల ఎప్పుడూ సమంగా ఉండదు, కొత్త ఫ్లాట్లలో ఇంకానూ. మొదటి బాక్సుని మట్టం పెట్టి సరిచేశాకే రెండోది దాని పక్కకి జరపాలి. ముందు అంచులు క్లాంపుతో కలిపి, తర్వాత 37 వరసలోంచే రెంటినీ కలిపే బోల్టు వేయాలి. బోల్టు వేసి తర్వాత సరిచేద్దాం అనుకుంటే సరికాదు.

2018లో హైదరాబాద్‌లో ఐకియా ఫర్నిచర్ షాపు తెరిచాక ఒకసారి బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాను. కొనలేదు, అరలు బయటికి లాగి రంధ్రాలు కొలిచాను. అక్కడ నేర్చుకున్నది కొలతల గురించి కాదు, కాగితం గురించి. బొమ్మ చూసి ఎవరైనా బిగించుకునేలా గీయడం వేరే విద్య. మా బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలోంచి వస్తుంది, అతుకు ఉండదు, కాగితమూ అక్కర్లేదు. మన సామాను అంతా అతుకులే.

అందుకని పార్సిల్ కట్టేముందు ఒక పరీక్ష పెడతాను. మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, చెక్కపని తెలీదు. వాడికి పలకలు, స్క్రూల కవరు, బొమ్మ కాగితం ఇచ్చి నేను బయట కూర్చుంటాను. నోరు విప్పను. వాడు ఎక్కడ ఆగితే అక్కడ కాగితం మారుస్తాను. మొదటిసారి కింది పలక తిరగేసి పెట్టాడు. బొమ్మలో చక్రం గుర్తు పెద్దది చేశాను. రెండోసారి కూడా తిరగేశాడు. అప్పుడు పలక మీదే బాణం స్టిక్కరు అంటించాను. మూడోసారి నలభై నిమిషాల్లో తలుపులు కూడా బిగించేసి బయటికొచ్చి, చేతిలో నాలుగు డోవెల్‌లు చూపించాడు.

"మావా, ఇవి మిగిలిపోయాయి. ఎక్కడివేటి?"

ఎక్స్‌ట్రా కోసం నేనే వేసినవి. కవరు మీద ఆ సంగతి కూడా రాయాలని అప్పుడు తట్టింది.