ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు

కోరాపుట్, జయపురం వైపు కొత్తగా కారు నేర్చుకుంటున్నవాళ్లకి ఒక మాట. సుంకి ఘాట్‌లో సాలూరు వైపు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేయకండి, ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి, సెకండో థర్డో వేసి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, వేగం పెరిగినప్పుడు బ్రేకు ఒకసారి గట్టిగా తొక్కి వదిలేస్తే చాలు. అదేపనిగా తొక్కిపెడితే బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత పట్టవు. అయినా మిగిలేదేముంది? ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లు గేరులో దిగుతుంటే ఇంజిన్‌కి పెట్రోలు ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే తాగుతూ ఉంటాయి.

మా పాత మారుతీ 800కి నాలుగు గేర్లుండేవి, ఘాట్‌లో మాత్రం సెకండ్ తప్ప ఇంకోటి ఉందని నాన్న ఒప్పుకునేవారు కాదు. తర్వాత కొన్న డీజిల్ బండి బరువెక్కువ, దానికి ఈ పద్ధతి ఇంకా అవసరం.

ఎక్కుడులో ఆగాల్సొస్తే టెన్షన్ పడకుండా హ్యాండ్‌బ్రేక్ లాగండి, ఫస్ట్ గేరులో క్లచ్ మెల్లగా వదులుతూ బండి ముందుకి లాగుతున్నట్టు అనిపించాక, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించండి. ఇరుకు మలుపులో ఎక్కే బండికే దారి, 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనూ అదే ఉంది, లారీవాళ్లతో వాదన పెట్టుకోకండి.